వాడ ముచ్చట్లు – 17: సింపుల్ లైఫ్ ఎవరికి సింపుల్?



పోయిన భాగం చదివి ఒక పీజీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, ఎప్పుడూ మన ఏడుపేనా? మనకు సంతోషాలే లేవా?" అని. మంచి ప్రశ్న. ఈ భాగం అంతా దానికి జవాబు.

ఉన్నాయి తమ్మీ. మనకు సంతోషాలు బోలెడున్నాయి. అయితే ఇయ్యాల అవి మన ఇంట్లో ఎన్ని మిగిలాయి, పక్కనున్న కాంపౌండ్ గోడ లోపలికి ఎన్ని పోయాయి అన్నది లెక్క తేల్చాలి.

శుక్రవారం పొద్దుగూకాక అప్పా జంక్షన్ దగ్గర నిలబడి చూడండి. మొయినాబాద్, చేవెళ్ల దిక్కు కార్ల వరస కడుతుంది. పాత మర్రిచెట్ల నీడన పోయే ఆ రోడ్డు మీద నుంచి ఎడమకో కుడికో తిరిగి, ఎత్తైన గేటు తెరుచుకుని లోపలికి పోతాయి. ఆదివారం సాయంత్రానికి ఫోన్లలో రీల్స్ వస్తాయి. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె. తోటలో తెంపిన వంకాయ. నులక మంచం. గేటు దగ్గర డప్పు. కింద రాత: సింపుల్ లైఫ్.

జొన్నరొట్టె, కట్టెల పొయ్యి, నులక మంచం, డప్పు. ఈ నాలుగూ ఎవరి ఇంట్లోవి? వీటి కోసమే గదా మనల్ని "మీ ఇండ్లల్ల పొగవాసన, మీరు మొరటోళ్లు" అన్నది? వాడలో ఉన్నప్పుడు వెనకబాటుతనం, గేటు దాటితే 'అనుభవం'! ఈ మార్పు ఎట్లా జరిగిందో చూద్దాం.

మా పెరడు

ముందు మన దగ్గర ఏముండేదో చెప్పుకుందాం. ఎందుకంటే దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

మా ఇంటి వెనక పది పన్నెండు గజాల జాగా ఉండేది. దాన్ని మా అమ్మ తోట అని ఎప్పుడూ అనలేదు, 'ఎనుక జాగా' అనేది. తానం చేసిన నీళ్లు పారే కాడ బొప్పాయి. గిన్నెలు తోమిన నీళ్లు పోయే కాడ పుంటికూర, టమాట. కట్టెలు పాతి వేసిన చిక్కుడు పందిరి. గూనపెంకుల మీదికి ఎగబాకిన సొరతీగ, బీరతీగ. ఒక్క చుక్క వట్టిగా పోయేది కాదు. ఇయ్యాల దీనికి 'గ్రే వాటర్ మేనేజ్‌మెంట్' అని పేరు పెట్టి వర్క్‌షాపులు పెడుతున్నారు. మా అమ్మ ఏ వర్క్‌షాపుకూ పోలేదు. నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చిన మనిషికి చుక్క విలువ వేరే చెప్పాలా?

వానలు పడితే చేన్లలో చెంచలికూర. ఎండాకాలం గంగవాయిలి కూరలో మామిడికాయ వేసి పప్పు. ఆదివారం పెద్దకూర. మిగిలింది పలచగా కోసి ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తే ఎండు తునకలు. వానలకు కూలి దొరకని రోజుల్లో ఆ తునకలు పుంటికూరలో పడితే ఇల్లంతా ఘుమఘుమ. పక్కింటి పిల్లలు గిన్నెతో వచ్చేవాళ్లు. రెండు ఇండ్ల మధ్య గోడ నడుమెత్తే ఉండేది, దాని మీది నుంచి కూర గిన్నెలు అటూ ఇటూ పోయేవి.

ఎన్నెల రాత్రుల్లో వాకిట్లో గొంగడి పరుచుకుని కథలు. పీర్ల పండగకు అలాయి గుండం చుట్టూ ఆట. చిందోళ్లు వచ్చి ఆట కట్టిన రాత్రి పిల్లలెవరూ నిద్రపోయేది లేదు. తెల్లారి కూలికి పోవాల్సిన పెద్దలు కూడా కూర్చునేవాళ్లు.

ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రోజంతా ఒకరి చేనులో నడుము వంచిన మనిషి, పొద్దుగూకాక తన చిక్కుడు పందిరి కింద నిలబడి రెండు కాయలు తెంపుకునే ఆ పది నిమిషాలు ఆ మనిషి సొంతం. ఆ పది నిమిషాల్లో ఆమె ఎవరి కూలీ కాదు.

గోడ ఎట్లా లేచింది

ఇప్పుడు ఈ నేల చరిత్ర. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం నగరాన్ని కాపాడడానికి రెండు చెరువులు కట్టించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. నగరానికి వరద తప్పింది, తాగునీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు కాపాడడానికి 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల 84 ఊళ్లు. పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు అన్నారు. మొయినాబాద్ మండలం, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ ఊళ్లు అందులోకి వచ్చాయి.

ఉద్దేశం మంచిదే, చెరువులు ఉండాలి. కానీ ఆ జీవో అమల్లో ఉన్న ఏళ్లలోనే ఫాంహౌసులు లేచాయి, రిసార్టులు లేచాయి, ఫంక్షన్ హాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. నిబంధన పేదోడి రెండు గదుల ఇంటికి అడ్డం పడింది గానీ ఈత కొలను ఉన్న బంగళాకు పడలేదు. వ్యవసాయ భూమిలో 'వ్యవసాయ గృహం' అని రాసుకుంటే సరిపోయింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు, 2023 మేలో 111ను పూర్తిగా ఎత్తేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. అప్పటికే ఎకరం కోట్లలో పలుకుతోంది. ఆ కోట్లు ఎవరి చేతికి పోయాయో వాడలోకి వచ్చి అడగండి.

వాడలో చాలామంది చేతిలో ఉన్నది లావణి పట్టా, అసైన్డ్ భూమి. 1977 నాటి 9వ చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం చెల్లదు. పరాధీనమైన భూమిని తిరిగి అసలు మనిషికో వారసులకో ఇప్పించే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. కాగితం మీద ఇంత గట్టి రక్షణ ఉంది. నేల మీద ఏం జరిగింది? బిడ్డ పెండ్లి, దవాఖాన ఖర్చు, ఎండిన బోరు. తెల్లకాగితం మీద సంతకం. ఆ తర్వాత గోడ. గోడ లోపల లాన్.

చిన్నమ్మ పొయ్యి

మా చిన్నమ్మ రెండేండ్లుగా శని, ఆదివారాలు ఒక ఫాంహౌస్‌కు పనికి పోతోంది. ఎవరిదో ఇక్కడ రాయను, మనకు కావాల్సింది వాళ్ల పేరు కాదు. ఆమె పని: అతిథులు వచ్చే వేళకు కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టడం. దానికోసం మంచి చీర ఇచ్చారు. పని అయ్యాక విప్పి అక్కడే పెట్టి రావాలి. మిగతా రోజుల్లో తోటలో కలుపు తీస్తుంది, వంకాయలు, బెండకాయలు తెంపుతుంది.

"బిడ్డా, మన ఇంట్ల పొగ అంటే ముక్కు మూసుకునేటోళ్లు గదా. ఆడ పొగ కాడ కూసోని ఫొటోలు దిగుతుండ్రు" అని నవ్వింది ఒకరోజు.

"మరి నీకేమనిపిస్తది చిన్నమ్మా?"

"ఏమనిపిస్తది! గా పిల్లలు మంచిగనే మాట్లాడ్తరు. గా తోట చూస్తే కండ్లు నిండుతయి. మనదైతే ఎంత బాగుండు అనిపిస్తది, గంతే."

మా చిన్నమ్మ ఇంటికి ఎనుక జాగా లేదు. ఉన్నదాంట్లో కొడుకు పెండ్లి చేసుకున్నాక ఒక గది వేశారు. చిక్కుడు పందిరి పోయింది. ఇప్పుడు ఆమె కూరగాయలు బండి దగ్గర కొంటుంది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల చేన్లలో క్యారెట్, టమాట, పాలకూర పండించి మెహిదీపట్నం రైతుబజారుకు పంపేది, బంతి, చామంతి, గులాబీ తెంపి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపేది మన ఆడోళ్ల చేతులే. తెల్లారకముందే ఆటోల్లో పోయి పూలు తెంపుతారు. వాళ్ల ఇంటి ముందు మాత్రం ఒక బంతిచెట్టు పెట్టుకునే జాగా లేదు.

ఇంకో సంగతి. అక్కడి మెనూలో పైన 'ఊరి రుచులు' అని రాసి ఉంటుందట. నాటుకోడి ఉంది, మటన్ ఉంది, కొర్రల అన్నం ఉంది, పచ్చిపులుసు ఉంది. పెద్దకూర లేదు, తునకలు లేవు, బోటి లేదు. ఒకరోజు చిన్నమ్మ తన సద్దిలో తునకల కూర తీసుకుపోతే, సూపర్‌వైజర్ "గిది లోపలికి తేవద్దమ్మా" అన్నాడట. ఆ రోజు ఆమె గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని తినొచ్చింది.

అంటే వాళ్లకు కావాల్సిన ఊరిలో వాడ లేదు. మన చేతి రొట్టె కావాలి, మన సద్ది వద్దు.

నిరాడంబరత మీద బాబాసాహెబ్

ఈ 'సింపుల్ లైఫ్' మోజు కొత్తదేమీ కాదు. గాంధీ కూడా ఊరికి తిరిగి పొమ్మన్నారు, రాట్నం తిప్పమన్నారు, యంత్రాలను అనుమానించమన్నారు. 1945లో వచ్చిన 'కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారు' అన్న పుస్తకంలో బాబాసాహెబ్ దీనికి సూటిగా జవాబు చెప్పారు. ఆయన వాదన సారాంశం ఇది: పశువు తిని బతికితే చాలు, మనిషికి అది చాలదు. మనిషికి సంస్కృతి కావాలి. సంస్కృతికి తీరిక కావాలి. తీరిక రావాలంటే యంత్రం కావాలి, ఆధునిక నాగరికత కావాలి. కష్టజీవికి తీరిక లేకుండా చేసి, ఆ బతుకునే గొప్పదని పొగడడం మోసం.

విద్యార్థి మిత్రులారా, ఈ అధ్యాయం తప్పక చదవండి. తీరిక అన్న మాటను మన రాజకీయాల మధ్యలో పెట్టిన మనిషి అంబేద్కర్. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే ఫ్యాక్టరీల చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. 1946లో అది చట్టమై ఏడాది పొడవునా నడిచే కర్మాగారాల్లో వారానికి 48 గంటల పని అయింది. పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. దాదర్‌లో కట్టుకున్న రాజగృహను పుస్తకాలతో నింపుకున్నారు. ఇంటి సుఖం, సంగీతం, చదువు తన జాతికి దక్కకూడని విలాసాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

కులం కూడా ఆ సంగతి బాగా ఎరుగును. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఇచ్చిన ఉదాహరణలు గుర్తుతెచ్చుకోండి. 1936లో జైపూర్ సంస్థానం చక్వారాలో ఒక అంటరాని మనిషి తీర్థయాత్ర నుంచి తిరిగొచ్చి తనవాళ్లకు విందు పెట్టాడు. వంటల్లో నెయ్యి పోశాడు. సవర్ణులు లాఠీలతో వచ్చి అన్నం నేలపాలు చేసి, తింటున్నవాళ్లను కొట్టారు. నెయ్యి కొన్నది వీళ్లే, వండింది వీళ్లే, తిన్నది వీళ్లే. అయినా నేరమే. గుజరాత్‌లోని జాను గ్రామంలో ఆడవాళ్లు ఇత్తడి, రాగి లాంటి లోహపు బిందెల్లో నీళ్లు తెచ్చుకున్నందుకు దాడి చేశారు.

ఆకలితో ఉన్న మనిషిని చూసి కులానికి కోపం రాదు, జాలి కూడా పడుతుంది. మనం ఇష్టంగా తిన్నప్పుడు, మెరిసే బిందె మోసినప్పుడు దానికి కోపం వస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే జరిగిన దాడులు కూడా ఆ వరసలోవే.

అందుకే మనం అడిగేది సింపుల్ లైఫ్ కాదు. అది మనకు పుట్టుకతోనే అంటగట్టారు. ఇష్టమైనప్పుడు వచ్చి ఇష్టం లేనప్పుడు ఏసీ కారెక్కి పోగలిగినవాడికే అది సరదా. మా చిన్నమ్మకు గ్యాస్ పొయ్యి ఉండాలి. వాషింగ్ మెషీన్ ఉండాలి. ఆ తర్వాత ఆమెకు బుద్ధి పుడితే, ఆదివారం తన వాకిట్లో కట్టెల పొయ్యి వెలిగించుకుంటుంది, తన పిల్లల కోసం.

డప్పు ఎవరి కోసం

ఆటపాటల సంగతీ అంతే. ఊళ్లో చావుకు, జాతరకు మాదిగలతో డప్పు కొట్టించడం వెట్టి. ఆ వెట్టిని తిరస్కరించిన ఊళ్లలో మనవాళ్లు దెబ్బలు తిన్నారు. 1994 జూలై 7న ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం ఆ డప్పునే భుజానికెత్తుకుని, సిగ్గుపడాల్సిన వస్తువును జెండాగా మార్చింది. ఇప్పుడు ఈవెంట్ మేనేజర్లు ఆ డప్పును ఫాంహౌస్ గేటు దగ్గర నిలబెట్టి అతిథుల మీద పూలు చల్లుతున్నారు. కొడుతున్న పిల్లగాళ్లలో డిగ్రీ చదివేవాళ్లు ఉన్నారు, నా క్లాసులో కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఫీజు కట్టుకోవాలి. నేను అడిగేది వేరు: ఈవెంట్‌కు అంత బిల్లు వేసిన మేనేజర్ డప్పు కొట్టిన పిల్లగాడికి ఎంత ఇచ్చాడు? భోజనం ఏ వరసలో పెట్టాడు?

చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కానీ చిందు మేళం వాడకు వచ్చి మూడు రాత్రులు ఆడే ఆనవాయితీ మన కండ్ల ముందే కరిగిపోతోంది. పురస్కారం ఒక మనిషికి దక్కితే సరిపోదు. ఆడడానికి జాగా, చూడడానికి తీరిక, ఇవ్వడానికి నాలుగు పైసలు వాడకు ఉండాలి.

మనవాళ్లలో కొందరు పెద్దలు ఈ మాటకు చికాకు పడతారు. "ఆటపాటలంటూ మొదలుపెడితే తాగుడులో తేలుతారు, చదువు మీద దృష్టి పెట్టండి" అంటారు. భాగ్యరెడ్డి వర్మను గుర్తుచేస్తాను. ఆయన తాగుడుకు గట్టి వ్యతిరేకి. అయినా 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు వాడల్లోకి హరికథను తీసుకుపోయారు. కథ వింటూ నవ్వుతూనే జనం ఆలోచిస్తారని ఆయన 100 ఏండ్ల కిందటే గుర్తించారు.

మన సాహిత్యంలో నవ్వు

తెలుగు పాఠం చెప్పేవాడిని కనుక ఒక మాట మా వాళ్లను కూడా అనాలి. మన పరిశోధన శీర్షికలు చూడండి: వేదన, ఆక్రోశం, అణచివేత. సెమినార్లకు మనల్ని పిలిచేది ఈ మూడింటికే. గాయం చూపిస్తే చప్పట్లు, మా అమ్మ సొరతీగ గురించి చెప్తే "సమయం అయిపోయిందండీ" అంటారు. 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చింది. ఆ కోపం అవసరం, ఇవ్వాళ్టికీ అవసరం. కానీ మన బతుకులో కోపం ఒక్కటే ఉందని చదివేవాడు అనుకుంటే, మనల్ని సగం మనుషులుగానే చూసినట్టు.

ఈ చేవెళ్ల రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే తాండూరు దిక్కు గోగు శ్యామల ఊరు పెద్దేముల్ వస్తుంది. 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం' కథలు చదవండి. అందులో కులం క్రూరత్వం ఉంది. దాని పక్కనే పిల్లల ఆటలు, చెట్లు, గొడ్లు, వానలు, తల్లుల చతుర్లు కూడా ఉన్నాయి. ఆ సంతోషం ఉండబట్టే, దాన్ని పోగొట్టిన చేతుల మీద చదివేవాళ్లకు కోపం వస్తుంది. పోగొట్టుకున్నదేమిటో చెప్పకుండా న్యాయం ఎట్లా అడుగుతాం?

అడగాల్సినవి

చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 2023 ఆగస్టు 26న కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది కూడా ఈ చేవెళ్లలోనే. ఇంటి స్థలంతో పాటు ఇల్లు కట్టుకోవడానికి 6 లక్షలు, అసైన్డ్ భూములకు పూర్తి హక్కులు అన్నారు. ఆ పార్టీయే ఇప్పుడు ప్రభుత్వంలో ఉంది. కాబట్టి మన డిమాండ్లు చేవెళ్ల నుంచే మొదలుకావాలి.

ఒకటి. ఇల్లు అంటే గోడలు, పైకప్పు మాత్రమే కాదు. పోయిన ప్రభుత్వం డబుల్ బెడ్‌రూం ఇండ్లు 560 చదరపు అడుగుల లెక్కన కట్టింది. ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లు 400 చదరపు అడుగుల నుంచి మొదలు. పేదలకు ఇల్లు అనగానే ఎవరైనా పెరడు గురించి మాట్లాడారా? ఊళ్లలో ఇచ్చే ప్రతి ఇంటి స్థలానికి ఎనుక జాగా ఉండాలి. నాలుగు కూరగాయ మొక్కలు, ఒక పందిరి, ఒక మంచం పట్టేంత. దీన్ని రాతపూర్వకంగా అడుగుదాం.

రెండు. ఫాంహౌస్ గోడల లోపల ఉన్న లావణి పట్టా భూములెన్నో సర్వే చేసి బయటపెట్టాలి. 1977 చట్టం కొత్తగా తేవాల్సిన పని లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

మూడు. డప్పు కళాకారులకు, చిందు మేళాలకు ఈవెంట్ వాళ్లు ఇవ్వాల్సిన కనీస రేటు మనమే సంఘంగా కూర్చుని నిర్ణయించుకోవాలి. ఆ రేటుకు తక్కువైతే ఎవరూ పోవద్దు.

నాలుగోది మీకు, విద్యార్థులకు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్ తీసుకుపోండి. మీ అమ్మమ్మ, నాయనమ్మ ఎనుక జాగాలో ఏం పెంచిందో, తునకలు ఎట్లా ఆరబెట్టిందో, ఏ పాటకు ఎవరు నవ్వారో అడిగి రాయండి. గాయాలతో పాటు ఇవి కూడా రాయండి. రేపు ఎవరో మన పచ్చిపులుసును తమ బ్రాండ్ అని అమ్ముకుంటుంటే చూపించడానికి మన దగ్గర దస్తావేజు ఉండాలి.

ఫాంహౌసులకు పోయే మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీరు తోటను ఇష్టపడడంలో తప్పేమీ లేదు. ఈసారి జొన్నరొట్టె తిన్నాక, ఆ రొట్టె కొట్టిన అమ్మ పేరేమిటో, ఆమె అన్నం ఎక్కడ తిన్నదో, ఆ తోట నేల అంతకుముందు ఎవరిదో అడగండి. జవాబులు విన్నాక రీల్ కింద ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

వచ్చే భాగంలో లావణి పట్టా కాగితం ఎట్లా చదవాలో, ఏ ఆఫీసులో ఏ అర్జీ పెట్టాలో వివరంగా రాస్తాను. మీ ఇంట్లో పాత కాగితాలు ఉంటే బయటికి తీసి, దుమ్ము దులిపి పెట్టుకోండి.

జై భీమ్.